పొడి మాటలు

లాండ్రీ కొట్టులో అత్తగారు, పెద్దకోడలు కలిసి పనిచేసేవారు. రోజంతా ఇస్త్రీ బల్లకి అటొకరు ఇటొకరు నిలబడినా అత్తగారి నోట వచ్చేవి పొడి మాటలే: "ఆరిందా?", "మడతెయ్యి." అదే చిన్నకోడలు ఆదివారం చూడ్డానికొచ్చిందంటే, ఆవిడ పనాపేసి పకపకా నవ్వుతూ కబుర్లలో పడిపోయేది. పెద్దకోడలికి కడుపు రగిలిపోయేది.

ఓ ఆదివారం చిన్నకోడలు వానలో తడిసి ముద్దై వచ్చింది. "దానికి పొడిబట్టలియ్యి" అని చెప్పి అత్తగారు టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. పెద్దకోడలు కావాలనే సగం ఆరిన జత ఇచ్చింది. చిన్నది చెమ్మ తెలిసినా కట్టుకుని, మెల్లగా అడిగింది.

"అక్కా, నామీద కోపమా?"

"నీతో అయితే అత్తయ్య గంటలు గంటలు మాట్లాడుతుంది. నాతో మాత్రం పొడిపొడిగా."

"చుట్టంగా వచ్చేదాన్ని కదా, అందుకే ఆ కబుర్లు. కొట్టు తాళాలు నీ నడుమున ఉంటాయి. అవి చూసినప్పుడల్లా నాకెంత కుళ్ళో నీకు తెలీదు."

పెద్దకోడలు అప్పుడే ఇస్త్రీ చేసిన తన బట్టలు తెచ్చి, "ముందు అవి మార్చుకో, జలుబు చేస్తుంది" అంది.

చిన్నది బట్టలు మార్చుకుని లోపలికెళ్ళింది. కాసేపటికి లోపల అత్తగారి నవ్వు వినిపించింది. పెద్దకోడలి గుండె మళ్ళీ చుర్రుమంది. కాకపోతే ఈసారి తనూ వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చుంది.