కార్బురేటర్ కోసం పువ్వు అడిగినాము

మా గోడౌన్‌లో రాగుల మూటల పక్కన ఒక పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు ఉండాది. బంగారు గనుల ఆఫీసరు ఒకాయన ఊరు వదిలి పోతా పోతా మా మామకి అంటగట్టినాడు. పెళ్లైన కొత్తలో బేతమంగళ చెరువు చూపిస్తానని మా ఆయన నన్ను దాంట్లో ఎక్కించినాడు. ఊరు దాటకముందే కార్బురేటర్ పోయింది. కొత్తది ఇంగ్లాండు నుంచి ఆ కారుదే తెప్పించేదా, లేకుంటే మన దేశం కారుది ఒకటి బిగించేదా అని ఈ మనిషి ఇంగా ఆలోచిస్తానే ఉండాడు.

మా అత్త విసిగిపోయి, పువ్వు అడిగేదానికి ఈ రోజు మమ్మల్ని బేతమంగళ అమ్మవారి గుడికి లాక్కుపోయింది. అమ్మవారి మీద పెట్టిన పువ్వు కుడిపక్క రాలితే ఇంగ్లాండుది, ఎడమపక్క రాలితే మనది అనుకున్నాము. అది నేరుగా నడిమధ్యలో పడింది.

"ఇదేంది సామీ?" అన్నాడు మా ఆయన.

"రెండూ వద్దంటా ఉండాది తల్లి. బండి అమ్మేయప్పా," అన్నాడు పూజారి.

"ఆయమ్మకి కార్ల సంగతి ఏం తెలుసు!"

మా అత్త గబగబా లెంపలేసుకునింది. కొడుకు లెంపలు కూడా తనే వేసింది.

ఇంగ ఆదివారం మా ఆయన గనుల కాడ ఉండే కోరమండల్ చర్చికి పోతాడంట. ఇంగ్లీషు బండి కదా, ఇంగ్లీషోళ్లు కట్టిన చోట అడిగితేనే సరైన జవాబు వస్తుందంట.

నేను మాత్రం అమ్మవారికి మనసారా దండం పెట్టినా. ఇన్నేళ్లకి బేతమంగళ చెరువు చూసినా, బస్సులో అయితేనేమి!

కార్బురేటర్ గురించి తెగేసి చెప్పే దేవుడు మీ పక్క ఎవరన్నా ఉంటే చెప్పండప్పా. బస్సు పోయే ఊరైతే మేలు.