చంద్రుడి వరుస తేల్చుకోవడానికి బందరు వెళ్లాను

చంద్రుడి పుట్టుక మీద నేను రాసిన వ్యాసంలో ముఖ్యమైన పేరా కొట్టేశారు. అడగడానికే ఈ ప్రయాణం. కొట్టేసింది మా విశ్రాంత ఉపాధ్యాయుల సంచిక సంపాదకుడు, బందరులో ఉండే తెలుగు మాస్టారు. సైన్సు మాస్టారినైన నాతో ఒకే స్టాఫ్ రూములో కూర్చుని ఏళ్ల తరబడి సైన్సును వెక్కిరించిన మనిషి. ఇన్‌స్పెక్టరు వస్తే మాత్రం నేను చెప్పిన జవాబే తనదిగా చెప్పుకున్న మనిషి. అంగారకుడంత గ్రహమొకటి తొలినాటి భూమిని ఢీకొట్టిందని, పైకెగిరిన కరిగిన రాయి, శకలాలు చుట్టూ తిరుగుతూ చంద్రుడిగా ముద్దకట్టాయని ఎక్కువమంది శాస్త్రవేత్తల అంచనా. నేను రాసిందీ అదే. దాని పక్కన ఎర్రసిరాతో ఆయన వ్యాఖ్య: "భూమి మన తల్లి. చంద్రుడు ఆమెలోంచి పుడితే మనకు అన్న అవుతాడు. మరి చందమామ అని ఎందుకంటున్నాం? పిల్లలు నవ్వుతారు." నాలుగు రోజులు ఆలోచించినా జవాబు తట్టలేదు. నా మంటంతా అదే. సంచిక నేను బయల్దేరిన రోజు మధ్యాహ్నమే ప్రెస్సుకు వెళ్తుంది.

గుడివాడలో ఆరున్నరకు బస్సెక్కాను. గుడ్లవల్లేరు, పెడన మీదుగా గంటంపావు పట్టింది. టికెట్టు వంద లోపే. బందరు బస్టాండు పక్క సందులో పూరీలు వేసే మరియమ్మ గారు నా ముఖం చూసి, "పొద్దున్నే ఎవరి మీదండీ అంత కోపం?" అన్నారు. అంతా చెప్పాను.

"మరి ఆ గుద్దిన గ్రహం ఏమైందండీ?"

"చాలావరకు భూమిలోనే కలిసిపోయింది."

ఆవిడ రెండు పిండిముద్దల్ని కలిపి పిసికి, అందులోంచి చిన్న ఉండ తుంచారు. "ఇప్పుడీ పెద్దది పాత ముద్దేనా? ఇదీ కొత్తదే, అదీ కొత్తదే. ఇద్దరూ ఒక్క కాన్పులో పుట్టినోళ్లు. అమ్మకి తోడబుట్టినోడు మనకి మావయ్యేగా? మాస్టార్లయ్యుండి వరుసలు కూడా నన్నే చెప్పమంటారేంటండీ?"

ఆ మాట నాదేనని చెప్పుకోవాలని ఆటోలో దారి పొడవునా అనుకున్నాను. తెలుగు మాస్టారు విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది మీకే తోచిందా, మాస్టారూ?"

ఔననబోయాను. ఇన్‌స్పెక్టరు ముందు ఈయన ముఖం గుర్తొచ్చింది. "కాదు. బస్టాండు దగ్గర పూరీలు వేసే మరియమ్మ గారికి తోచింది," అన్నాను. ఆయన కొట్టేసిన పేరా పక్కన 'ఉంచాలి' అని రాశారు. కింద ఆవిడ చెప్పిన జవాబు, ఆవిడ పేరు కూడా దగ్గరుండి రాయించాను.

ఆయన తప్పయిందని అనలేదు. నేనూ మరిచిపోలేదు. ఇంత చదివిన ఇద్దరు ముసలివాళ్లం ఒక వరుస తేల్చుకోలేక ఎర్రసిరాతో కొట్టుకున్నామన్న కోపం మాత్రం ఇంటిదాకా నాతోనే వచ్చింది. మీరు బందరు వెళ్తే మరియమ్మ గారి దగ్గరకు తొమ్మిదిలోపే వెళ్లండి. పిండి అయిపోతే ఎవరడిగినా మళ్లీ కలపరు.