మేళం మోగని తేంగాయితిట్టు

పుదుచ్చేరి చూడాలన్న కోరిక నాకు మంగత్త వల్ల కలిగింది. ఆమె మా నాన్నగారి అక్క. గూడూరుకు పుట్టింటికి వచ్చినప్పుడల్లా, తన కొబ్బరితోట పక్కనున్న ఉప్పుటేటిలో మడచెట్ల మీద కొంగలు గూళ్ళు కట్టే సంగతి చెప్పేది. పుస్తకాల్లో చదివినవాటికన్నా ఆమె చెప్పినవే నాకు ఎక్కువ గుర్తుండేవి. ఈ మాఘమాసంలో చిన్నాన్న ఏదో పని మీద అటు పోతూ నన్నూ వెంటబెట్టుకున్నాడు.

మద్రాసులో సత్రంలో ఒక రోజు ఆగి, మర్నాడు ఉదయం ఏడింటికి ఎగ్మూరులో రైలెక్కాం. పన్నెండు దాటాక విల్లుపురంలో దిగి, మూటలోని పెరుగన్నం తిని, పుదుచ్చేరి బండిలోకి మారాం. నా పక్కన పూలబుట్టతో ఒక ముసలమ్మ కూర్చుంది. ఆమెదీ తెలుగే.

"యాడికి పాపా?" అని అడిగింది. మా అత్త ఊరు తేంగాయితిట్టుకని చెప్పాను.

"ఆ తిట్టుకా! మా చెల్లెలి కూతురి కల్యాణం అక్కడే. ఊరి మొదట్లోనే మేళం ఆపేసినారు. చావింటికి పోయినట్టు పోయినాం!"

నాకు నవ్వు వచ్చింది కానీ ఆమె నవ్వలేదు.

మూడింటికి పుదుచ్చేరిలో దిగాం. ఇక్కడ పుష్‌పుష్ అనే బండి ఉంది. కూర్చున్నవాళ్ళను ఇద్దరు మనుషులు వెనక నుంచి తోస్తారు. ముందు చక్రం తిప్పే కర్ర మాత్రం కూర్చున్నవాళ్ళ చేతిలోనే ఉంటుంది. చిన్నాన్న దాన్ని నాకిచ్చాడు. మూడు వీధులు దాటేసరికి రెండుసార్లు బండి కాలువ అంచుకు పోయింది.

"అమ్మా, మేము తోసేది రోడ్డు మీదికి! నువ్వు తీసకపోయేది యాడికి?" అన్నాడు వెనక నుంచి ఒకతను. కర్ర చిన్నాన్నకు ఇచ్చేశాను.

తేంగాయితిట్టు చేరేసరికి అయిదయింది. మంగత్త నన్ను కాళ్ళయినా కడుక్కోనివ్వకుండా తోట చివరకు తీసుకుపోయింది. ఏటికి అవతల మడచెట్లు తెల్లగా పూసినట్టు కనిపించాయి. అవి పూలు కావు, కొంగలు. కొమ్మకొమ్మకూ గూడు, గూటిగూటికీ ముక్కు తెరిచిన పిల్లలు. తల్లి వాలగానే పిల్లలన్నీ ఒక్కసారి అరిచేవి. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి ఆ దారిన ఒక పెళ్ళి ఊరేగింపు వచ్చింది. చూసింది చూసినట్టు నా దినచర్య పుస్తకంలో రాసుకున్నాను.

మధ్యాహ్నం పక్కతోట గోవిందు మామ టౌను నుంచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "మంగక్కా, కొత్తగా వచ్చిన అద్దకం ఖార్ఖానా వాళ్ళు నీలినీళ్ళు మన ఏట్లోకి వదిలేదానికి కాలువ తవ్వుతారంట. వద్దనేవాళ్ళు చెప్పుకునే గడువు నిన్నటితో సరి."

"చాటింపు వేయకుండా గడువేంది?"

"వేసినారంట."

అత్త నెత్తిన చేయి పెట్టుకుంది. "అయ్యో! పది దినాల ముందర తప్పెట పెట్టుకుని వచ్చినాడే ఒకడు! గూళ్ళలో పిల్లలున్న కాలంలో తప్పెటేందిరా, కొంగలు బెదిరిపోవా అని, ఎళనీరు బోండాం ఒకటి ఇచ్చి నేనే గదా తరిమింది! పావం, నోరు తెరవనీలేదే!"

టౌనుకు పడమట అద్దకం నీళ్ళు పారే కాలువ ఒకటి ఉందట. అందులో చేప కాదు గదా, ఎండ్రకాయ కూడా మిగల్లేదట. చేపలు పోతే గూళ్ళలో ఉన్న పిల్లలు వారం కూడా బతకవని అత్త అంది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

సోమవారం పదింటికి అత్త, గోవిందు మామ, చిన్నాన్న, నేను టౌనులోని సర్కారు కచేరీకి వెళ్ళాం. అత్త జరిగింది చెప్పుకుంది. అక్కడి దొర చెప్పిన ఫ్రెంచి మాటలను తెలుగు వచ్చిన దుబాసీ ఒకాయన మాకు చెప్పాడు. "చాటింపు వేయించాం. ఎవరూ రాలేదు. సర్కారు తప్పెటను తిప్పి పంపే ఊరు కూడా ఉంటుందా అని దొర అడుగుతున్నారు."

అత్త ఎంత చెప్పినా దొర తల అడ్డంగా ఊపాడు. పరాయి మగవాళ్ళ ముందు నేనెప్పుడూ నోరు విప్పలేదు. పుస్తకం తీసి చిన్నాన్న చేతిలో పెట్టాను. "నీ రాత నీకే తెలియాలి, నువ్వే చదువు" అని ఆయన దాన్ని నా చేతికే ఇచ్చాడు.

చదివాను. "ఉదయం ఎనిమిది. పెళ్ళివారు వచ్చారు. మొదటి మడచెట్టు దగ్గర సన్నాయివాళ్ళు సన్నాయిలను కండువాల్లో చుట్టుకున్నారు. డోలు వాయించే ఆయన డోలును చంటిపిల్లలా ఎత్తుకున్నాడు. పెళ్ళికూతురు అందెలు తీసి చేత పట్టుకుంది. ఒక్క కొంగ కూడా లేవలేదు. మధ్యాహ్నం భోజనం. అత్త పులుసులో ఉప్పు ఎక్కువ."

కంగారులో ఆగవలసిన చోట ఆగలేదు. దుబాసీ అదంతా ఫ్రెంచిలో చెప్పేశాడు.

"ఏందీ? నా పులుసా?" అంది అత్త.

దొర పెద్దగా నవ్వాడు. తరవాత ఏదో నెమ్మదిగా అన్నాడు. "సొంత పెళ్ళి మేళాన్నే ఆపుకునేవాళ్ళు మా తప్పెటనూ ఆపే ఉంటారు. గడువు ఇంకో వారం ఇస్తున్నాం" అని దుబాసీ చెప్పాడు.

బుధవారం చాటింపు మనిషి మళ్ళీ వచ్చాడు. తప్పెట ఇంటి దగ్గరే పెట్టి వచ్చానన్నాడు. గడపగడపకూ పోయి మెల్లగా చెప్పాడు. మా అత్త గడప దగ్గర మాత్రం, "నన్ను తరిమింది ఈ అమ్మే" అని గట్టిగానే అన్నాడు. అత్త ఈసారి రెండు ఎళనీళ్ళు ఇచ్చింది. సాయంత్రానికి, కాలువ వద్దని రాసిన కాగితం నిండా వేలిముద్రలు పడ్డాయి. చేపలు పట్టేవాళ్ళూ వేశారు, ఆ పెళ్ళికొడుకూ వేశాడు.

మరుసటి వారం దొర పడవ మీద వచ్చి చూశాడు. అద్దకం నీళ్ళను ఖార్ఖానా తన జాగాలోనే గుంటలు తవ్వి నిలుపుకోవాలనీ, ఏట్లోకి చుక్క కూడా వదలకూడదనీ ఉత్తరువు అయింది. అది ఎన్నేళ్ళు నిలుస్తుందో తెలియదని గోవిందు మామ అన్నాడు. అత్త మాత్రం ఆ పూట పులుసు పెట్టి, నేను తినే దాకా నా ముఖమే చూస్తూ కూర్చుంది.

పన్నెండో రోజు ఉదయం తొమ్మిదింటి బండికి తిరుగు ప్రయాణమయ్యాం. సరిహద్దులో సుంకం వాళ్ళు మూటలు విప్పించి, కొబ్బరికాయలు తప్ప ఏమీ లేవని కట్టుకోమన్నారు. ఎదుట కూర్చున్న పెద్దాయన పుదుచ్చేరిలో ఏమేం చూశావని నన్ను అడిగాడు.

"సముద్రం చూశావా?"

"లేదండీ."

"సముద్రం చూడకుండా పుదుచ్చేరి నుంచి వస్తున్నావా!" అని జాలిపడ్డాడు.

నేను చూసింది కొంగలనని చెప్పడానికి సిగ్గేసింది. ఇక్కడ రాస్తున్నాను. వెళ్ళదలచినవాళ్ళు మాఘంలోనే వెళ్ళండి. పొద్దున్నే ఏటిగట్టున కదలకుండా కూర్చుంటే, తల్లికొంగ చేపను పిల్ల గొంతులో జారవిడవడం కంటికెదురుగా కనిపిస్తుంది. ఈ ఏడాది కొంగపిల్లలు ఎగరడం నేర్చుకునేదాకా అయినా ఆ ఏటి నీళ్ళు నీళ్ళ రంగులోనే ఉంటాయి.