కియోకో ముప్పాతిక

అమెరికాలోని చాండ్లర్‌లో లక్ష్మీకాంతం పనిచేసే ఇండియన్ స్టోర్‌లో చేమదుంపలు అడిగే తెలుగువాళ్ళు తక్కువ. పిల్లలు జిగురంటారు, తల్లులు దురదంటారు. పెట్టె ముందు తీరిగ్గా నిలబడి ఒక్కొక్కటీ ఏరుకునేది కియోకో ఒక్కతే. పేరు జపాన్‌ది, మనిషి పలావు దేశానిది. పలావంటే తినేదని లక్ష్మీకాంతం అనుకుంది గాని, అది పసిఫిక్ సముద్రంలో ఒక చిన్న దేశం. మన మండలంలో ఉన్నంత జనం కూడా ఉండరు.

చేమదుంపల దగ్గర మొదలైన మాటలు స్నేహమయ్యాయి. పలావువాళ్ళకు అమెరికా రావడానికి వీసా అక్కర్లేదని విని లక్ష్మీకాంతం నోరు తెరిచింది. కొడుకు కౌశిక్ హెచ్‌వన్‌బీ కోసం ఆవిడ మొక్కని దేవుడు లేడు మరి.

"వీసా లేదు. ధర మాత్రం ఉంది," అంది కియోకో.

ఆ ధర సంగతి ఆమె చాలాసార్లు చెప్పింది. అదే సముద్రంలో మార్షల్ దీవుల మీద అమెరికా అణుబాంబులు పేల్చి చూసింది. అది తెలిసిన పలావువాళ్ళు తమ రాజ్యాంగంలోనే రాసుకున్నారు: ఓటు వేసినవాళ్ళలో ముప్పాతిక మంది సరేననందే ఈ నేల మీదికి అణ్వాయుధం రాకూడదని. వీసా లేకుండా రండి, డబ్బూ ఇస్తాం, మా సైన్యాన్నీ అణు ఓడల్నీ రానివ్వండని అమెరికా ఒప్పందం కాగితాలు పట్టుకొచ్చింది. ఓటింగ్ మీద ఓటింగ్ పెట్టారు. ప్రతిసారీ సరేనన్నవాళ్ళే ఎక్కువ, కానీ ముప్పాతిక రాలేదు. కియోకో పడవెక్కి ఊరూరూ తిరిగి వద్దని చెప్పింది. చివరికి ఆ ఒప్పందం వరకూ సగం దాటితే చాలని రాజ్యాంగాన్నే సవరించారు. ఒప్పందం గెలిచింది. దాని పుణ్యమా అని వీసా లేకుండా వచ్చిన కియోకో కొడుకు అమెరికా సైన్యంలో చేరాడు. ఇరాక్ నుంచి పెట్టెలో వచ్చాడు.

అంత దెబ్బ తిన్నా ఆమె ముప్పాతికను వదల్లేదు. ఇంట్లో ఏ పెద్ద విషయమైనా చేతులెత్తాల్సిందే, నలుగురిలో ముగ్గురు ఔననాల్సిందే. ఈ ముసలావిడ ఛాదస్తం మా అత్తగారి మడిని మించిందని లక్ష్మీకాంతం నవ్వేది.

ఆ నవ్వు నిరుటి వేసవిలో పోయింది. కూతురి కూతురు దిల్‌మెయ్ ఆర్మీలో చేరతానంది. తల్లీ తండ్రీ సరేనన్నారు. ముగ్గురు అటు, కియోకో ఒక్కతే ఇటు. అంటే సరిగ్గా ముప్పాతిక.

కియోకో స్టోర్‌కి పరుగున వచ్చి లక్ష్మీకాంతం చెయ్యి పట్టుకుంది. "నువ్వూ మా ఇంటి మనిషివే. వచ్చి కూర్చో. ఐదుగురిలో ముగ్గురైతే చాలదు. నువ్వు చెయ్యెత్తకు, అంతే."

ఇది తొండే. అయినా లక్ష్మీకాంతం వెళ్ళింది. ఆ పిల్ల స్టోర్‌లో తన కాళ్ళ దగ్గర ఆడుకుంటూ పెరిగింది. ఆ పిల్ల పోకూడదనే ఆవిడ కడుపులోనూ ఉంది.

"ఆంటీ కూడా ఫ్యామిలీయే కదా, ఓకే," అంది దిల్‌మెయ్.

మూడు చేతులు లేచాయి. లక్ష్మీకాంతం తన రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుంది. కియోకో ఊపిరి పీల్చుకుంది. దిల్‌మెయ్ కళ్ళు తుడుచుకుని లేచి, ప్రతి పరీక్షకూ ముందు చేసినట్టే, తెలుగు పిల్లల ఇళ్ళలో నేర్చుకున్నట్టే, వంగి లక్ష్మీకాంతం పాదాలు ముట్టుకుంది.

కాళ్ళ దగ్గర బిడ్డ వంగితే ఏ తెలుగు తల్లి చెయ్యి ఒళ్ళో ఉంటుంది? అది దానంతటదే లేచింది. నోరూ ఊరుకోలేదు: "క్షేమంగా వెళ్ళి లాభంగా రా తల్లీ!"

"ఫోర్," అన్నాడు కియోకో అల్లుడు మెల్లగా.

"అయ్యో, అది ఓటు కాదు బాబూ! బ్లెస్సింగ్!" లక్ష్మీకాంతం చెయ్యి గబుక్కున దించేసింది.

కియోకో ఆవిడ వైపు తిరిగింది. "వెళ్ళమనే కదా బ్లెస్ చేశావు?"



"బామ్మా, మళ్ళీ ఓటు పెడదామా?" అంది దిల్‌మెయ్.

"వద్దు. ఓడిపోతానని మనిషిని చేర్చాను. ఇక రూల్ మార్చను. అది మా దేశానికి జరిగింది, నేను చెయ్యను," అంది కియోకో. లేచి, మనవరాలి కోసం చేమదుంపలు ఉడకబెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.

కియోకో ఇప్పటికీ స్టోర్‌కి వస్తుంది. నిష్ఠూరమాడదు, అదే లక్ష్మీకాంతాన్ని కోసేస్తోంది. నిన్న దుంపలు ఏరుతూ, పిల్లను సముద్రం దాటించారట, ఎక్కడికో చెప్పలేదట అంది. ఆ తర్వాత అడిగింది: "ఆ రోజు నువ్వన్న మాటకు అర్థమేంటి?"

క్షేమంగా వెళ్ళమని, లాభంగా తిరిగి రమ్మని, అని లక్ష్మీకాంతం చెప్పింది.

"వెళ్ళింది," అంది కియోకో. "సగం అయింది."