షెడ్డులో స్విచ్చు

స్టారిన్ అనే మంచు ప్రాంతపు ఊరి చుట్టుపక్కల చలికాలంలో పొద్దున్నే బండి ఎక్కబోయే మనిషి ముందుగా బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు. చలికి ఇంజను గడ్డకట్టకుండా అందులో అమర్చిన హీటరుకు రాత్రంతా కరెంటు అందితే ఇనుము వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం కోసం పిల్లులు దాని కిందికి చేరతాయి. చప్పుడు విని పిల్లి బయటికి దూకాకే తాళంచెవి తిప్పాలి. స్కూలు బస్సు నడిపిన ఇన్నేళ్లలో నెట్టీ హావ్రిలుక్ ఈ పని ఒక్కనాడూ మరవలేదు.

ఆ బస్సు రూటు మొదట ఆమె భర్త స్టెఫాన్‌ది. అతడు పోయాక ఆమె అడిగి తీసుకుంది. పిల్లలు లేని ఆమెకు, పొలాల గేట్ల దగ్గర ముక్కుల దాకా మఫ్లర్లు చుట్టుకుని ఎదురుచూసే పిల్లలే దినచర్య, బహుశా అంతకంటే ఎక్కువే. ఆమె మరిది మైరన్ అదే ఆవరణలో, ఎదుటి ఇంట్లో ఉంటాడు. ఇద్దరి బండ్లకూ కరెంటు ఇచ్చే స్తంభాలకు తీగలు అతని షెడ్డునుంచే వస్తాయి. అది ఎవరూ ఆలోచించని విషయం. ఇతరుల బండికి తగిలించిన ప్లగ్గు జోలికి పోకపోవడం ఆ ఊరివాళ్లకు పుట్టుకతో వచ్చిన మర్యాద.

పండగ సెలవులు ముగిసి బడి తెరిచిన వారంలో, మైనస్ నలభై చలిలో, నెట్టీ బస్సు మూలిగి ఆగిపోయింది. కరెంటు ఉందని చూపే, తీగ చివరి చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. బదులు బస్సు వచ్చేసరికి, గేటు దగ్గర ఎదురుచూస్తున్న పిడ్లుబ్నీల ఇంటి చిన్నమ్మాయి బుగ్గ చలికి తెల్లబడి మొద్దుబారింది. హీటరు కాలిపోయి ఉంటుందని మైరన్ తేల్చాడు. ఆదివారం మంచు మీద అట్టపెట్టె పరిచి, బస్సు కింద వెల్లకిలా పడుకుని కొత్తది బిగించాడు. నెట్టీ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని టార్చి పట్టింది. తర్వాత అతనికి వేడి బోర్ష్ సూపు పోసి, స్టెఫాన్ ఉంటే తమ్ముణ్ణి చూసి సంతోషించేవాడని అంది.

ఆ తర్వాతి వారం మళ్లీ చలి ముదిరిన ఉదయం, బస్సు మళ్లీ కదలలేదు. బడి రవాణా వ్యవహారాలు చూసే టాలిస్ ఫోను చేశాడు. అతను కఠినుడు కాడు, కానీ పిల్లల బుగ్గలకు జవాబు చెప్పవలసినవాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే రూటు వేరొకరికి ఇవ్వక తప్పదని చెప్పాడు.

ఫోను పెట్టేసి నెట్టీ మళ్లీ బయటికి వెళ్లింది. ఆమె తొందరపడి అనుమానించే మనిషి కాదు. రాత్రి కరెంటు పోయిందేమో అనుకుంది. పోయి ఉంటే వంటింట్లో కరెంటు గడియారం సున్నాలు చూపిస్తూ మిణుకుమనేది, అలా లేదు. అప్పుడు గుర్తొచ్చింది: బస్సు మొరాయించిన రెండు రోజులూ బానెట్ మీద కొడితే పిల్లి దూకలేదు. రాత్రి పడిన పల్చని మంచు బస్సు బానెట్ మీద పొడి పిండిలా ఉంది. పక్కనే మైరన్ ట్రక్కు బానెట్ మీద అదే మంచు కరిగి, గాజు పొరలా గడ్డకట్టింది. దాని కింద పిల్లి పడుకున్న గుంట. రెండు తీగలూ తగిలించే ఉన్నాయి, రెండు దీపాలూ వెలుగుతున్నాయి. అయినా రాత్రంతా వేడెక్కినది ఒక్కటే.

షెడ్డులోకి వెళ్లి స్విచ్చుల పెట్టె మూత తీసింది. స్విచ్చులన్నిటి మీదా నూనె జిడ్డుతో దుమ్ము పేరుకుంది. ఆమె స్తంభానికి చెందినది మాత్రం వేలు తాకి తాకి శుభ్రంగా ఉంది. పడుకోబోయే ముందు ఆపి, ఆమె లేవకముందే మళ్లీ వేస్తే దీపం వెలుగుతుంది. ఇంజను మాత్రం రాయిలాగే ఉంటుంది.

మైరన్ తన ఇంట్లో, వంటింటి బల్ల దగ్గర పిరోగీ కుడుములు తింటున్నాడు. ఆమె కోటు విప్పలేదు.

"నా స్తంభానికి కరెంటు నువ్వే ఆపావా?"

అతను అబద్ధం ఆడలేదు. ఆ మాట అతని పక్షాన చెప్పి తీరాలి.

"నీ మంచికే వదినా, ఆ రూటు మానేస్తావని. నిరుడు ఆ బస్సుతో గోతిలోకి జారావు. నిన్ను బయటికి లాగింది నేనే. ఈసారి శవాన్ని లాగాలా?"

"ఆ మాట నాతో అనొచ్చుగా."

"అంటే విన్నావా ఎప్పుడైనా? మా అన్నయ్య మాటే వినేదానివి కాదు."

"విననిది నా ఇష్టం. గేటు దగ్గర నిలబడ్డ ఆ పిల్ల ఏం చేసింది నిన్ను?"

ఆ పిల్ల సంగతి తాను ఊహించలేదన్నాడు. బదులు బస్సు వెంటనే వస్తుందనుకున్నాడట. నెట్టీ నమ్మింది. తనకేమవుతుందోనన్న అతని భయమూ నటన కాదు. కానీ ఆమె అడగవలసింది ఇంకొకటి మిగిలింది.

"కొత్త హీటరు ఎందుకు బిగించావు?"

అతను ఫోర్కు పక్కన పెట్టాడు.

"పాతది బాగానే ఉందని నీకు తెలుసు. తెలిసే గంటసేపు మంచులో పడుకున్నావు. నేను నీకు టార్చి పట్టాను, మైరన్. చేతులు కొంకర్లు పోతున్నాయేమోనని నా చేతి తొడుగులు నీకిచ్చాను. పుచ్చుకున్నావు."

వదినా అని మాత్రం అన్నాడు. ఆమె తలుపు మూసి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం టాలిస్ కారణం అడిగాడు. నిజం మొత్తం చెబితే మైరన్ ఆ ఊళ్లో తలెత్తి తిరగలేడు. చెప్పకపోతే రూటు పోతుంది. తమ ఆవరణలో కరెంటు నమ్మదగినది కాదని, బస్సును ఇకపై పిడ్లుబ్నీల దొడ్లో ఉంచుతానని ఆమె చెప్పింది. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు. టాలిస్ ఒప్పుకున్నాడు.

ఇక తెల్లవారకముందే అక్కడికి చేరుకోవడానికి ఆమె సొంత కారు కావాలి, ఆ కారుకూ రాత్రంతా కరెంటు కావాలి. స్తంభం ఇంటి ముందే ఉంది, కానీ దాని స్విచ్చు మైరన్ షెడ్డులో. నెట్టీ వంటింటి కిటికీ కాస్త ఎత్తి, పొయ్యి పక్క ప్లగ్గునుంచి నారింజ రంగు తీగను బయటికి తీసి కారుకు తగిలించింది. కిటికీ పూర్తిగా మూసుకోలేదు. సందులో స్టెఫాన్ పాత ఉన్ని చొక్కా కుక్కింది. అయినా చలి లోపలికి దూరి, గిన్నెలు కడిగే తొట్టి అంచున నీటి చుక్కలు గడ్డకట్టాయి. కోటు వేసుకునే కాఫీ తాగింది. ఎదుటి ఇంటి కిటికీలో మైరన్ నిలబడి ఆ తీగనే చూస్తున్నాడు. ఆమె తెర లాగలేదు, తల తిప్పలేదు. ఆ శీతాకాలం ముగిసేదాకా వంటింటి కిటికీ అలా తెరిచే ఉంది.