తల ఎత్తని సాక్షి

మా తాలూకాకు వచ్చిన ఆ మున్సిఫు లంచం తినలేదని ఇప్పటికీ కొందరు పొగుడుతారు. తినలేదు. నేనూ ఒప్పుకుంటాను. తిని ఉంటే తిట్టుకోవడానికి నాకు సులువుగా ఉండేది.

ఆయన మదరాసు వైపు మనిషి. బర్మాలో యుద్ధం చేసి, కాలిలో తూటా ముక్కతో తిరిగొచ్చి, వకీలు చదువు చదివాడట. నిజాం రాజ్యం పోయాక కరీంనగర్ జిల్లాకు పంపిన అధికారుల్లో ఒకడు. తెలుగే మాట్లాడినా మా ఊళ్లకు పరదేశి. కుంటుతూ నడిచినా నడుము వంగేది కాదు. ఎదుటివాళ్లూ అలాగే నిలబడాలనేవాడు.

మా తాత అడవి కొట్టి చదును చేసిన చెలకను మా ఊరి దొర తనదన్నాడు. పట్టుబట్టి మా నాన్నతో దావా వేయించింది నేనే. భయంతో ఊళ్లో ఎవరూ సాక్ష్యానికి రాలేదు. బాపు మాట ఒక్కటే మాకు ఆధారం.

కోర్టుకు వెళ్లే దారంతా చెబుతూనే ఉన్నాను. "బాపూ, గాయన మిల్ట్రీల చేసిండట. కండ్లల్ల కండ్లు వెట్టి చెప్పాలె."

"చెప్త తియ్యి. దొర ఉండడు గద ఆడ?"

దొర ఉన్నాడు. కుర్చీ వేయించుకుని మరీ కూర్చున్నాడు. బాపు భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. దొర ముందు తల ఎత్తిన మగవాడు మా వాడలో లేడు.

"తల ఎత్తు. నన్ను చూసి చెప్పు. ఆ భూమి ఎవరు సాగు చేస్తున్నారు?" అన్నాడు మున్సిఫు.

"మేమే సారూ," అన్నాడు బాపు, తల ఎత్తకుండానే.

"నిజమైతే ఆ నేలచూపులెందుకు?"

"ఏమ్రా, మెడ వట్టిందా? నూనె రాపియ్యాల్నా?" అన్నాడు దొర. కోర్టంతా నవ్వింది. బాపు మెడ ఇంకా దిగింది.

నేను లేచి అరిచాను. "సారూ, దొరను జర బయిటికి తోలి అడుగుండ్రి!"

"అడగకుండా మాట్లాడేవాణ్ణి మా పటాలంలో ఎండలో నిలబెట్టేవాళ్లం," అన్నాడు మున్సిఫు. బంట్రోతు నా రెక్క పట్టి వరండాలోకి నెట్టాడు. ఆ నెట్టుడు నేను మరవలేదు, మరవను కూడా.

తీర్పు రోజు మున్సిఫు, పిల్లలకు పాఠం చెప్పినట్టు, నెమ్మదిగా చెప్పాడు. యుద్ధంలో ఎందరినో చూశాడట. అబద్ధమాడేవాడే కళ్లు దాచుకుంటాడట. చెలక దొరదైంది.

బయటికొచ్చాక బాపు అన్నాడు. "నేను నిజమే చెప్పిన గదరా. చూసుడు గూడ చెప్పుడేనా?"

ఆ వానాకాలం దొర మనిషి వచ్చి పిలిస్తే, బాపు నాగలి భుజానికెత్తుకుని అదే చెలక దున్నడానికి కూలికి బయలుదేరాడు. నేను గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాను.

"జరుగు," అన్నాడు. "యాడ రాయి తగుల్తదో వేరేటోనికి తెల్వదురా."