మొహం ఆవిడది

ఫిల్మ్ నగర్ మలుపు తిరగకముందే పెనం మీద నీళ్లు చుయ్‌మనడం వినిపిస్తుంది. ఆవిరి పలచబడ్డాకే, తడిసిన అద్దంలోంచి తేలినట్టు, కరుణాకుమారి కనిపిస్తుంది. పిండి పోసి, గరిటె అడుగుతో మూడు చుట్లు తిప్పి, వేలి కొసతో అంచు లేపి చూస్తుంది. పద్నాలుగేళ్లుగా అదే పని. బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చుకోవడమే ఆమెకు విశ్రాంతి. ఆక్లాండ్‌లో చిన్న టిఫిన్ కొట్టు పెట్టుకోవడానికి వీసాకి అర్జీ పెట్టింది. కనీసం పదేళ్లుగా ఈ అట్ల బండి నడుపుతున్నట్టు ఫొటోలు ఇవాళే పంపాలని, ఆమె తరఫున వీసా కాగితాలు సిద్ధం చేసే మనోజ్ఞ బండి దగ్గరికే వచ్చింది. కరుణాకుమారి దగ్గర ఫొటోలు లేవు, సినిమాలున్నాయి. షూటింగులకి ఈ బండినే అద్దెకు తీసుకెళ్లేవారు. ఫోన్‌లో ఒక్కొక్కటే చూపించింది. ప్రతిదాంట్లోనూ బోర్డు మీద ఇంకెవరి పేరో, పెనం ముందు ఇంకెవరి మొహమో.

"ఇందులో మీరెక్కడున్నారండీ?" అంది మనోజ్ఞ.

కరుణాకుమారి పన్నెండేళ్ల కిందటి సినిమా ఒకటి ఆపింది. అట్టు తిప్పుతున్న చెయ్యి తెరంతా నిండి ఉంది. మణికట్టు మీద నూనె చిట్లి కాలిన చింతగింజంత మచ్చ. "ఆ హీరోయినమ్మకి అట్టు గుండ్రంగా రాలేదు. మొహం ఆవిడది, చెయ్యి నాది," అంటూ తన మణికట్టు ఫోన్ పక్కన పెట్టింది.

"మచ్చ చూసి వీసా ఇస్తారంటారా?"

కరుణాకుమారి పెనం మీద మళ్లీ నీళ్లు చిలకరించింది. "నమ్మకపోతే వాళ్లనే రమ్మనమ్మా. పొద్దున్న ఆరింటికల్లా పెనం కాలుతుంది."